లాకు పడని కారు

లొల్ల లాకుల పేరు వినని వారు కోనసీమలో అరుదు. ఆత్రేయపురం దగ్గర కాలువ మీద కట్టిన లాకులవి. తలుపు ఎత్తితే నీరు పోతుంది. దించితే ఆగుతుంది. ఇక్కడి వారికి లాకు అంటే ముందు గుర్తొచ్చేది ఆ తలుపులే.

ఈ పాఠంలో లాకు వేరు. ఇది కారు తలుపుకు ఉండే లాకు. అది కరెంటుతో పనిచేస్తుంది. అయినా కాలువ నీటి సంగతి తెలిసిన వారికి దీని సంగతి చప్పున అర్థమవుతుంది.

కొత్తపేట దగ్గర ఒక ఇల్లు అనుకోండి. ఇంటాయన డ్రైవరు. ఇల్లాలు డ్వాక్రా సంఘంలో అప్పు తెచ్చింది. ఆ డబ్బుతో పాత కారు కొన్నారు. దాని వయసు పదిహేనేళ్ళ పైమాటే. పెళ్ళిళ్ళకు, కాకినాడ ఆసుపత్రికి, రాజమండ్రి విమానాశ్రయానికి కిరాయికి తిప్పుతారు. నెల నెలా వాయిదా కట్టాలి. అప్పు కాగితం మీద సంతకం ఆమెది. అందుకే కారు ఆగితే ముందు బెంగపడేది ఆమే.

ఒకనాడు వెనక ఎడమ తలుపు లాకు పడలేదు. మిగతా మూడూ టక్కున పడ్డాయి. ఇంటాయన పట్టించుకోలేదు. "తలుపు మూసుకుంటోంది కదా, ఏం పోయిందిలే" అన్నాడు. ఆమెకు మనసు ఒప్పలేదు. ఆసుపత్రికి వచ్చినవాళ్ళు కారులో సంచులు పెట్టి లోపలికి వెళతారు. సంచి పోతే మాట ఎవరి మీదకు వస్తుంది?

ఇద్దరూ కారు తీసుకుని ఊళ్ళోకి వెళ్ళారు. "సెల్ఫ్, డైనమో" అని బోర్డు ఉన్న కొట్టు ముందు ఆపారు. కారు కరెంటు పనులు చేసే కొట్టు అది. బోర్డు ఆమే చదివింది. మేస్త్రి తలుపు చూశాడు.

"సెట్టంతా మార్చెయ్యాలండి. పాతదైపోయింది" అన్నాడు.

"మూడు తలుపులు బాగానే పడుతున్నాయి కదండీ? ఒక్క తలుపు కోసం సెట్టంతా ఎందుకండీ?" అంది ఆమె.

మేస్త్రి ఆగి ఆమె వంక చూశాడు. "ఆయ్, అదీ నిజమేనండి. విప్పి చూద్దాం" అన్నాడు.

ఆమె కారు పని నేర్చుకోలేదు. కానీ శివారు పొలం ఉన్న ఇంట్లో పుట్టింది. కాలువ చివర పొలానికి నీరు రాకపోతే ఆమె తండ్రి గట్టు వెంట పైకి నడిచేవాడు. ఊరందరి చేలూ ఎండితే తప్పు పైన, లాకుల దగ్గర. పక్క చేలల్లో నీరుండి తన చేను ఒక్కటే ఎండితే తప్పు తన బోదెలోనే. గడ్డి అడ్డం పడిందో, తూము పూడిందో చూసుకోవాలి. కారు లాకులో తప్పు వెతకడం కూడా ఇంతే. నాలుగు తలుపులూ పనిచేయకపోతే మొదట్లో చూడాలి. ఒక్క తలుపే పనిచేయకపోతే ఆ తలుపు దగ్గర చూడాలి.

లోపల ఏం జరుగుతుంది?

కారులో బ్యాటరీ ఉంటుంది. కరెంటు అక్కడ పుడుతుంది. అది 12 వోల్టుల కరెంటు. మన ఇంటి కరెంటు 230 వోల్టులు. కారు లాకు తీగ చేతికి తగిలినా షాకు కొట్టదు. కానీ అలా అని ధీమా పనికిరాదు. ఎందుకో తర్వాత తెలుస్తుంది.

బ్యాటరీ నుంచి కరెంటు ముందు ఫ్యూజుకు వస్తుంది. అక్కడి నుంచి ఒక చిన్న డబ్బాకు వస్తుంది. ఆ డబ్బా చాలా కార్లలో డాష్‌బోర్డు కింద గానీ, డ్రైవరు కాళ్ళ పక్క రేకు వెనక గానీ ఉంటుంది. మేస్త్రులు దాన్ని యూనిట్ అంటారు. యూనిట్ నుంచి ఒక్కొక్క తలుపుకూ తీగలు పోతాయి. తలుపు లోపల చిన్న మోటారు ఉంటుంది. మోటారు ఒక కడ్డీని కిందికి లాగుతుంది, లేదా పైకి తోస్తుంది. కిందికి లాగితే లాకు పడుతుంది. పైకి తోస్తే లాకు వస్తుంది.

ఒకే మోటారు రెండు పనులు ఎలా చేస్తుంది? పిల్లల ఆట కారు విప్పితే తెలుస్తుంది. సెల్లును తిరగేసి పెడితే ఆట కారు వెనక్కి పోతుంది. యూనిట్ చేసేదీ అదే. లాకు వేసేటప్పుడు కరెంటును ఒక వైపు నుంచి పంపుతుంది. తీసేటప్పుడు రెండో వైపు నుంచి పంపుతుంది. అదీ ఒక్క క్షణం. అప్పుడే "టక్" మని చప్పుడు వస్తుంది.

డ్రైవరు తలుపు మోటారుకు మాత్రం ఇంకో పని ఉంది. దానిలో చిన్న స్విచ్చి ఉంటుంది. డ్రైవరు తాళం తిప్పగానే "లాకు వెయ్యి" అని యూనిట్‌కు కబురు పెట్టేది అదే. అందుకే దానికి సాధారణంగా ఐదు తీగలుంటాయి. వెనక తలుపు మోటార్లకు రెండే ఉంటాయి. వెనక తలుపు మీట నొక్కితే మిగతా తలుపులు కదలకపోవడం చాలా కార్లలో మామూలే. అది రోగం కాదు. దాన్ని బాగుచేస్తామని డబ్బు అడిగితే ఇవ్వక్కరలేదు.

మారుతి 800 కారు 1983లో వచ్చింది. అప్పట్లో దానికి ఇలాంటి లాకు లేదు. తర్వాత కాలంలో చాలామంది చిన్న కార్లకు కొట్లో సెట్టు కొని వేయించుకున్నారు. అలా బయట వేయించిన లాకుల్లో తీగల అతుకులు ఎక్కువ. ఒక్కో కొట్టులో ఒక్కో రకంగా అతికారు. పాత కార్ల బాధ సగం ఆ అతుకుల్లోనే ఉంది.

నాలుగు తలుపులూ పడకపోతే

ముందు హారన్ కొట్టి చూడాలి. దీపాలు వేసి చూడాలి. హారన్ నీరసంగా మోగినా, దీపం మసగ్గా వెలిగినా తప్పు బ్యాటరీది. బ్యాటరీ రెండు కొమ్ముల మీద తెల్లగా, పచ్చగా పొడి కడుతుంది. ఆ పొడి కరెంటును అడ్డుకుంటుంది. వేడినీళ్ళలో తినే సోడా కలిపి పాత బ్రష్షుతో కడిగితే పోతుంది. ఆ నీళ్ళు బ్యాటరీ మూతల్లోంచి లోపలికి పోకూడదు. ఆరిన తర్వాత కొమ్ములకు వాసిలిన్ రాస్తే మళ్ళీ త్వరగా పట్టదు.

ఈ పనికి ముందు గాజులు, ఉంగరాలు తీసి పక్కన పెట్టాలి. షాకు కొట్టదని చెప్పుకున్నాం కదా, మరి భయం దేనికి? బ్యాటరీ + కొమ్ముకూ కారు రేకుకూ మధ్య లోహపు గాజు అడ్డం పడితే కరెంటంతా గాజులోంచి పోతుంది. క్షణంలో గాజు ఎర్రగా కాలుతుంది. చేతిని కాలుస్తుంది. స్పానరు పడినా నిప్పులు రాలతాయి. అందుకే ముందు – గుర్తున్న తీగ విప్పాలి. బిగించేటప్పుడు దాన్ని చివర బిగించాలి.

హారన్, దీపాలు బాగుంటే ఇక ఫ్యూజు చూడాలి. ఫ్యూజుల పెట్టె మూత మీద బొమ్మలు, అంకెలు ఉంటాయి. ఏ ఫ్యూజు దేనిదో మూత చెబుతుంది. కొన్ని మూతల మీద ఇంగ్లీషు అక్షరాలే ఉంటాయి. అంకెలు వస్తే చాలావరకు పని గడుస్తుంది. ప్రతి ఫ్యూజు నెత్తి మీదా ఒక అంకె ఉంటుంది. రంగు కూడా ఆ అంకెను బట్టే. 10 ఎరుపు. 15 నీలం. 20 పసుపు. 25 తెలుపు, అంటే గాజులాగా కనిపిస్తుంది. 30 ఆకుపచ్చ.

ఫ్యూజు పీకి వెలుతురుకు ఎదురుగా పెట్టి చూడాలి. లోపల సన్నని తీగ కనిపిస్తుంది. తీగ తెగితే ఫ్యూజు పోయినట్టే. ఎంత అంకెది పోయిందో అంత అంకెదే వెయ్యాలి. 15 పోతే 15.

చాలామంది ఇక్కడే తప్పు చేస్తారు. 15 మాటిమాటికీ పోతోందని 30 వేస్తారు. సిగరెట్టు పెట్టెలోని వెండి కాగితం చుట్టి పెట్టేవాళ్ళూ ఉన్నారు. ఫ్యూజు ఊరికే పోదు. ఎక్కడో తీగ పై తొడుగు ఒరిసి, రాగి రేకుకు తగులుతోంది. అప్పుడు తీగ కాలిపోకుండా ఫ్యూజు తను కాలి కాపాడుతుంది. పెద్ద ఫ్యూజు వేస్తే అది కాలదు. దాని బదులు తీగ కాలుతుంది. తీగతో పాటు సీటు, సీటుతో పాటు కారు.

ఫ్యూజు ఎప్పుడు పోతోందో కూడా గమనించాలి. లాకు వేసిన క్షణంలోనే పోతే తప్పు యూనిట్ దాటి, తలుపులకు వెళ్ళే తీగల్లో ఉన్నట్టు. ఒక్కో తలుపు తీగనూ విడదీసి చూస్తూ పోతే దొంగ దొరుకుతాడు. ఏ తలుపు విడదీసినప్పుడు ఫ్యూజు నిలబడిందో, తప్పు ఆ తలుపు దారిలో ఉంది.

ఇంట్లో వాడే టెస్టరు కారుకు పనికిరాదు. 12 వోల్టులకు అది వెలగదు. అది వెలగలేదు కాబట్టి కరెంటు లేదనుకుంటే పొరపాటు. కారు మేస్త్రి దగ్గర రెండు తీగలు కట్టిన చిన్న బల్బు ఉంటుంది. ఒక తీగ కారు రేకుకు, రెండోది ఫ్యూజుకు ఆనిస్తాడు. బల్బు వెలిగితే అంతవరకు కరెంటు వచ్చినట్టు.

ఒక్క తలుపే పడకపోతే

కొత్తపేట కారు సంగతి ఇదే. ఇక్కడ ముందు చెవికి పని చెప్పాలి. ఒకరు డ్రైవరు తలుపు తాళం తిప్పాలి. రెండోవారు పాడైన తలుపుకు చెవి ఆనించాలి. లోపల "టక్" మని వినిపిస్తోందా? వినిపిస్తే మోటారుకు కరెంటు వస్తోంది. మోటారు కదులుతోంది. కడ్డీ ఊడిపోయి ఉండాలి, లేదా లాకు తుప్పు పట్టి బిగిసి ఉండాలి. తలుపు మీటను చేత్తో కదిపి చూస్తే తెలిసిపోతుంది. చేతికే బరువుగా ఉంటే చిన్న మోటారు ఏం కదుపుతుంది? దుమ్ము తుడిచి, లాకు కీళ్ళకు గ్రీజు పెడితే చాలాసార్లు అదే సర్దుకుంటుంది. ఇక్కడ కొబ్బరినూనె పొయ్యకూడదు. నాలుగు రోజులు జారుతుంది. తర్వాత దుమ్ము కలిసి జిగురవుతుంది.

చప్పుడే లేకపోతే కరెంటు రావడం లేదు, లేదా మోటారు పోయింది. ఆ రెంటిలో ఏది?

మేస్త్రి తలుపు తెరిచాడు. తలుపుకూ కారుకూ మధ్య, బందుల పక్కన నల్లని రబ్బరు గొట్టం ఉంది. తీగలు దానిలోంచే తలుపులోకి వెళతాయి. తలుపు తీసిన ప్రతిసారీ ఆ తీగలు వంగుతాయి. వేసిన ప్రతిసారీ మళ్ళీ వంగుతాయి. కిరాయి కారుకు రోజుకు ఎన్నిసార్లు! ఇనప తీగనైనా అటూ ఇటూ వంచితే విరుగుతుంది. రాగి తీగ ఎంత?

"అమ్మా, మీరు తాళం తిప్పుతూ ఉండండి" అన్నాడు మేస్త్రి. తను రబ్బరు గొట్టాన్ని అటూ ఇటూ నలిపాడు. ఐదోసారో ఆరోసారో తలుపు "టక్" మంది. మళ్ళీ ఊరుకుంది.

"దొరికిందండీ" అన్నాడు.

మోటారు బాగుంది. తీగే లోపల తెగింది. పై తొడుగు మాత్రం బాగానే కనిపిస్తోంది. గొట్టం నలిపినప్పుడు తెగిన కొసలు తగిలి ఒకసారి పనిచేసింది.

గొట్టం నలిపినా ఏమీ కాకపోతే ఇంకో పరీక్ష ఉంది. తలుపు లోపలి అట్ట విప్పాలి. మోటారుకు వచ్చే రెండు తీగలూ మోటారు నుంచి విడదీయాలి. వాటి మధ్య బల్బు పెట్టి, డ్రైవరు తలుపు తాళం తిప్పాలి. బల్బు ఒక్కసారి మెరిస్తే కరెంటు వస్తోంది. అంటే మోటారు పోయింది. ఆ ఒక్క మోటారూ మార్చితే చాలు. బల్బు మెరవకపోతే మోటారు మార్చి లాభం లేదు. తీగలోనే తప్పు. ఈ ఒక్క పరీక్ష చెయ్యకుండానే చాలా మోటార్లు చెత్తబుట్టలోకి పోతున్నాయి.

తీగ అతకడంలోనూ ఒక కిటుకు ఉంది. వంగే చోట అతుకు వెయ్యకూడదు. అక్కడ వేస్తే నెలకే మళ్ళీ తెగుతుంది. కాస్త ఇవతలా అవతలా కోసి, మధ్యలో మెత్తని కొత్త తీగ ముక్క వెయ్యాలి. అతుకులు కారు రేకు లోపల ఒకటి, తలుపు లోపల ఒకటి పడేలా చూడాలి. సోల్డరు పెట్టించాలి. పైన తొడుగు వేయించాలి. ఊరికే మెలితిప్పి టేపు చుడితే కోనసీమ గాలికి అది నిలవదు.

ఉప్పు గాలి, వరద నీరు

అంతర్వేది, ఓడలరేవు వైపు సముద్రపు గాలికి ఇనుము తొందరగా తుప్పు పడుతుంది. రాగి తీగ కొసలకు పచ్చని చిలుము పడుతుంది. ఇత్తడి బిందెకు పట్టే చిలుము లాంటిదే. చిలుము ఉన్న చోట కరెంటు సరిగా పోదు. తీగ తెగదు. ఫ్యూజు పోదు. అయినా లాకు ఒకసారి పడుతుంది, ఒకసారి పడదు. అలాంటప్పుడు యూనిట్ నుంచి కారు రేకుకు బిగించిన నల్ల తీగ చూడాలి. దాని బోల్టు కింద తుప్పు గీకి బిగిస్తే చాలాసార్లు లాకు బాగుపడుతుంది. ఖర్చు లేని పని ఇది. అందుకేనేమో, దీన్ని ముందుగా ఎవరూ చెప్పరు!

కొన్ని కార్ల లాకులు వాటంతట అవే పడుతూ లేస్తూ ఉంటాయి. దయ్యం పట్టిందని నవ్వుతారు. డ్రైవరు తలుపులోని స్విచ్చి అరిగినా, దానిలో మురికి చేరినా ఇలా అవుతుంది. బ్యాటరీ నీరసించినా, యూనిట్‌లో నీరు చేరినా అవుతుంది. వాన పడ్డాకే ఇలా చేస్తోందంటే నీరు ఎక్కడి నుంచి దిగుతోందో ముందు చూడాలి. యూనిట్ మార్చి నీటిని వదిలేస్తే కొత్త యూనిట్ కూడా పోతుంది.

2022 జూలైలో గోదావరి వరదకు కోనసీమ లంక గ్రామాలు మునిగాయి. వరదలో మునిగిన కారును కడిగి, తుడిచి అమ్మేవాళ్ళు ఎక్కడైనా ఉంటారు. పాత కారు కొనేటప్పుడు కింద పరిచిన పట్టా ఎత్తి చూడాలి. ఒండ్రు ఉందా? ముక్క వాసన వస్తోందా? సీటు కింది పట్టాలు తుప్పు పట్టాయా? యూనిట్ ఉండేది కాళ్ళ దగ్గరే. నీరు ముందు చేరేదీ అక్కడికే.

తాళం లోపల, మనిషి లోపల

లాకు పడకపోతే సంచి పోతుంది. లాకు రాకపోతే ప్రాణమే పోవచ్చు.

2025 ఏప్రిల్ 14న రంగారెడ్డి జిల్లా చేవెళ్ల మండలం దామరగిద్దలో ఇద్దరు చిన్న ఆడపిల్లలు ఆగి ఉన్న కారులోకి వెళ్ళారు. బయటికి రాలేక చనిపోయారు. నెల దాటింది. మే 18, ఆదివారం. విజయనగరం దగ్గర ద్వారపూడిలో నలుగురు పిల్లలు ఆడుకుంటూ కారెక్కారు. వాళ్ళూ అలాగే పోయారు. పెద్దలు ఊరంతా వెతికారు. కారులో వెతకాలని ఆలస్యంగా తోచింది.

ఎండలో అద్దాలు మూసిన కారు పొయ్యి మీద మూత పెట్టిన గిన్నె లాంటిది. బయట 35 డిగ్రీలుంటే అరగంటలో లోపల 50 దాటవచ్చు. పిల్లల ఒళ్ళు పెద్దవాళ్ళ ఒంటికంటే త్వరగా వేడెక్కుతుంది. చెట్టు నీడన ఉంది కదా అనుకోకూడదు.

పిల్ల లోపల, తాళం లోపల ఉండిపోతే మేస్త్రి కోసం పరుగెత్తి కాలం పోగొట్టుకోకూడదు. పిల్లకు దూరంగా ఉన్న పక్క అద్దం మూల మీద బరువైన ఇనప వస్తువుతో కొట్టాలి. పక్క అద్దం చిన్న చిన్న గుళ్ళలా రాలుతుంది. ముందు పెద్ద అద్దం అలా రాలదు, దాన్ని కొట్టి లాభం లేదు. ఒకరు కొడుతుంటే ఇంకొకరు 112కు గానీ 108కు గానీ ఫోన్ చెయ్యాలి. అద్దం మళ్ళీ వేయించుకోవచ్చు.

కాలువ గట్టు దారిలో ఇంకో భయం ఉంది. కారు నీళ్ళలో పడితే కరెంటు లాకు, కరెంటు అద్దాలు కాసేపటికే ఆగిపోవచ్చు. బయటి నీటి బరువుకు తలుపు కదలదు. కారు తేలుతున్న ఆ కొద్ది క్షణాల్లోనే బెల్టు విప్పి, అద్దం దించి, పిల్లలను ముందు బయటికి తోసి, తర్వాత తాము రావాలి. చేత్తో తిప్పే అద్దాలున్న పాత కారుకు ఇక్కడ కొంత మేలు ఉంది. దానికి కరెంటు అక్కరలేదు. సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కేటప్పుడు కూడా అంతే. కారు పంటు మీద ఉన్నంతసేపూ అద్దాలు దించి ఉంచాలి. లాకు వెయ్యకూడదు. కారు దిగి నిలబడితే ఇంకా మంచిది.

వెనక తలుపు అంచున ఒక చిన్న మీట ఉంటుంది. తలుపు తెరిస్తేనే కనిపిస్తుంది. దాన్ని పిల్లల లాకు అంటారు. అది వేసి ఉంటే వెనక తలుపు లోపలి నుంచి తెరుచుకోదు. లాకు పాడైందని కొందరు కారు కొట్టుకు తెస్తారు. తీరా చూస్తే ఆ మీట వేసి ఉంటుంది.

కొత్తపేట కారు ఆ సాయంత్రానికి బాగైంది. సెట్టు మార్చలేదు. తీగ ముక్క, సోల్డరు, కూలి. అంతే. తెగిన తీగ ముక్కను ఆమె అడిగి తీసుకుంది. ఇంటికి వచ్చి వాయిదాల పుస్తకం చివరి పేజీ తీసింది. తేదీ వేసింది. "వెనక ఎడమ డోరు. తీగ తెగింది. మోటారు బాగుంది" అని రాసింది. పక్కన డబ్బు వేసింది.

తర్వాత పిల్లలిద్దరినీ పిలిచింది. కారు అద్దాలన్నీ దించి వాళ్ళను వెనక సీట్లో కూర్చోబెట్టింది. లాకు వేసి, "ఇప్పుడు బయటికి రండి చూద్దాం" అంది. పెద్దది ముందు సీట్లోకి దూకింది. ముందు తలుపు మీట పైకి లాగి దిగింది. చిన్నవాడు రెండు చేతులతో లాగినా మీట రాలేదు. ఆమె వాడికి హారన్ ఎక్కడ నొక్కాలో చూపించింది. కారు తాళం చెవికి గోడ మీద కొత్త మేకు కొట్టించింది. పెద్దపిల్ల ముని వేళ్ళ మీద నిలబడినా అందనంత ఎత్తులో.